మధ్యాహ్నపు జట్టు

అచ్యుతదాసు గారిని ఎవరేది అడిగినా ముందు ఒక పని చెప్పేవారు. కొబ్బరికాయలు ఒలవమనో, గిన్నెలు తోమమనో, గేదెలకు కుడితి పెట్టి రమ్మనో. విసుక్కుంటూ ఆ పని ముగించుకొచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది. దొరకనివాళ్ళకు కనీసం కొబ్బరికాయ ఒలవడమైనా వచ్చేది. అందుకే గౌతమి పాయ ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమానికి శాస్త్రచర్చ కోరేవాళ్ళు తక్కువగానూ, పనీపాటా చేసుకునేవాళ్ళు ఎక్కువగానూ వచ్చేవారు.

ఆ ఆదివారం ఆశ్రమంలో ఏకాహం. సూర్యోదయానికి ఎత్తుకున్న రామనామం మర్నాడు సూర్యోదయం దాకా తెగకూడదు. జట్లు మారుతూ పాడతారు. కొత్త జట్టు వచ్చి గొంతు కలిపాకే పాత జట్టు లేవాలి. తెగితే ఊరికి అరిష్టమని నమ్మేవాళ్ళు పందిట్లో చాలామందే ఉన్నారు.

వీరభద్రం పొద్దున్నే వచ్చి దాసుగారికి దణ్ణం పెట్టి, కూర్చోకుండానే తన గోడు ఎత్తుకున్నాడు. అతను రొయ్యల షెడ్డులో సూపర్‌వైజరు. ఉల్లిపాయ పేరైనా ఎత్తని ఆ ఆశ్రమంలో ఆ పొద్దున రొయ్యల గురించి చాలాసేపే నడిచింది. మంగతాయారు అని ఒకావిడ అతని లైనులో రొయ్యలు ఒలుస్తుంది. ఆమెకు షుగరు, రోజూ ఇంజెక్షన్ చేసుకోవాలి. వేళకి ఏదో ఒకటి తినకపోతే ప్రమాదమని డాక్టరు చెప్పాడు. షెడ్డులో లైను వదిలి వెళ్ళడమంటే మాటలు కాదు. గ్లౌజులు, ఏప్రాను, బూట్లు విప్పాలి, తిరిగొచ్చి చేతులు కడుక్కుని అన్నీ మళ్ళీ తొడుక్కోవాలి. అంతసేపూ ఆమె ట్రే అలాగే పడి ఉంటుంది, పైన ఐసు కరిగిపోతుంది. అందుకని వీరభద్రం ఆమెను మధ్యలో వెళ్ళనివ్వడం మానేశాడు. మొన్న ఆమె చేతులు వణికి, ఒళ్ళంతా చెమటలు పట్టి, నిలబడ్డచోటే తడి నేల మీద కూలబడిపోయింది. పంచదార నీళ్ళు కలిపి తాగించింది కూడా వీరభద్రమే. చెడ్డవాడు కాడు మరి. ఇప్పుడు ఓనరు, ఆమెను ఉంచుతావో మానిపిస్తావో సోమవారానికల్లా తేల్చమన్నాడు. మానిపిస్తే ఆమె ఇల్లు గడవదు. మందులు కొనుక్కునేదీ ఆ జీతంతోనే.

"జాలిపడితే పని ఆగిపోద్దండి. పని చూసుకుంటే ఆ మనిషి పడిపోతందండి. ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారు. ఇందులో ఏది ధర్మం స్వామీ?" అన్నాడు వీరభద్రం.

దాసుగారు కండువా భుజాన వేసుకుని లేచారు.

"మధ్యాహ్నపు జట్టుకి ఈసారి పెద్ద లేడు నాయనా. మనుషుల్ని నడిపేవాడివి, ఆ జట్టు నువ్వు చూసుకో," అని వంటశాల వైపు వెళ్ళిపోయారు.

జవాబు రానందుకు వీరభద్రానికి మనసు కాస్త నొచ్చినా, అప్పగించిన పనికి మాత్రం ఛాతీ ఉబ్బింది. జట్టును పశువులపాక వెనక్కి తీసుకెళ్ళి తర్ఫీదు మొదలుపెట్టాడు. అందరూ ఒకేసారి ఎత్తుకోవాలి, ఒకేసారి దించాలి. నడుమ ఎవరూ లేవకూడదు. ఊపిరి కూడా ఎవరిష్టం వచ్చినచోట వాళ్ళు తీసుకోకూడదు, నామం చివర అందరూ కలిసే తీసుకోవాలి. నామానికి కూడా షిఫ్టు రూల్సు పెట్టినవాడు ఆ జిల్లాలో అతనొక్కడేనేమో.

తాళాలు వాయించే నూకరాజు మెల్లగా చెయ్యెత్తాడు. పడవ నడిపి నడిపి వయసుమళ్ళిన మనిషి.

"నాకు ఆయాసం ఉంది బాబూ. మధ్యలో ఓసారి అవతలికెళ్ళి ఇన్‌హేలరు పీల్చుకొచ్చేత్తాను."

"కాసేపేగా, ఓర్చుకో. నువ్వు లేస్తే నీ పక్కవాడు లేస్తాడు," అన్నాడు వీరభద్రం. షెడ్డులో అనే మాటే అది, అలవాటుగా వచ్చేసింది.

మధ్యాహ్నం జట్టు దీపం చుట్టూ కూర్చుంది. మొదట్లో అద్భుతంగా సాగింది. అన్ని గొంతులూ ఒకే గొంతులా లేచి, ఒకేచోట దిగాయి. నామం చివర అందరూ ఊపిరి తీసుకునేటప్పుడు వచ్చే చిన్న నిశ్శబ్దం వీరభద్రం చెవికి ఎంతో ఇంపుగా ఉంది. కొంతసేపటికి నూకరాజు తాళం వదులైంది. అతని చెయ్యి జేబు దాకా వెళ్ళింది. వీరభద్రం కళ్ళతోనే వద్దన్నాడు. చెయ్యి మళ్ళీ తాళాల మీదికి వచ్చింది. మెడ నరాలు తేలుతున్నా ముసలాయన పాడుతూనే ఉన్నాడు.

సరిగ్గా అందరూ ఊపిరి కోసం ఆగినచోట అతనికి దగ్గు తెర వచ్చింది. తాళాలు కిందపడ్డాయి. అందరి తలలూ అటు తిరిగాయి. అందుకుని పాడదామంటే నడుస్తున్న గొంతు ఒక్కటీ లేదు. పొద్దుటి నుంచీ మొదటిసారిగా ఆ పందిట్లో కాకి అరుపు వినిపించింది.

అంతలో వంటశాలలోంచి దాసుగారి బొంగురు గొంతు నామం అందుకుంది. గుమ్మడికాయ తరుగుతున్న ఆడవాళ్ళు వంత కలిపారు. నామం తెగిందా లేదా అని తర్వాత చాలా రోజులు వాదించుకున్నవాళ్ళున్నారు. వీరభద్రానికి మాత్రం ఏ సందేహమూ లేదు. తెగింది, తన చేతుల్లోనే తెగింది.

అతను నూకరాజును పొదివి పట్టుకుని పందిరి అంచుకు తీసుకెళ్ళాడు. ఇన్‌హేలరు తనే తీసి నోటికి అందించాడు. ఆయన ఛాతీ ఎగసిపడుతుంటే వీరభద్రానికి తడి నేల మీద కూలబడ్డ మంగతాయారే కళ్ళ ముందు కనబడింది. అప్పుడు భయపడ్డాడు గానీ సిగ్గుపడలేదు. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయాడు. కాస్త తేరుకున్నాక ముసలాయనే, "పరవాలేదు బాబూ, ఎల్లండి, అక్కడ మనిషి తక్కువయ్యాడు," అని అతన్ని సాగనంపాడు.

దాసుగారు చేతులు తుడుచుకుంటూ, నామం అంటూనే వచ్చి జట్టు మధ్య కూర్చున్నారు. ఒక్కొక్కరే గొంతు కలిపాక, పాట నడుస్తుండగానే మెల్లగా చెప్పారు.

"ఎవరికి ఊపిరి చాలకపోతే వాళ్ళు అక్కడే ఆగండి. పక్కవాళ్ళు అంటూనే ఉంటారు. వీరభద్రం, నువ్విప్పుడు జట్టుకి పెద్దవు కాదు. ఊరికే పాడు."

వీరభద్రం తలవంచుకుని పాడాడు. అలవాటు కొద్దీ నామం చివరిదాకా ఊపిరి బిగబట్టాడు. బిగబట్టలేక ఒకచోట మధ్యలోనే ఆగిపోయాడు. ఆగినవాడు ఉలిక్కిపడ్డాడు. అతను మానేసినా నామం నడుస్తూనే ఉంది! అప్పుడు చుట్టూ చూశాడు. పక్కనున్నావిడ ఆగి మంచినీళ్ళు తాగింది. ఎదుటాయన ఆగి కండువా సర్దుకున్నాడు. నూకరాజు వచ్చి కూర్చున్నాడు, కాసేపటికి లేచి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఎవరూ తల తిప్పలేదు. పాట ఇందాకటంత తీరుగా లేదు, అక్కడక్కడా మిట్టపల్లాలుగా ఉంది. కానీ ఎక్కడా తెగలేదు. వీరభద్రానికి కళ్ళనీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి మళ్ళీ ఆగాడు.

తర్వాతి జట్టు వచ్చాక అతను తిన్నగా వంటశాలకు వెళ్ళాడు. దాసుగారు మళ్ళీ గుమ్మడికాయ ముందు కూర్చుని ఉన్నారు.

"ఆవిడ్ని ఉంచుతానండి. వేళకి తినడానికి పంపుతాను. ఓనరుతో నేనే మాట్లాడుకుంటాను, ఆయనేమన్నా సరే," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాడు. "ఇంకో సంగతండి. ఆ ట్రే అలా ఉండిపోడానికి కారణం కూడా నేనే."

"అదేం?"

"మొదట్లో ఆవిడ వెళ్తే అటూ ఇటూ ఉన్న ఆడోళ్ళు తలో గుప్పెడూ తీసుకుని ఒలిచేసేవారండి. ఆవిడొచ్చేసరికి ట్రే ఖాళీ. నేనే కేకలేసి మాన్పించాను, ఎవరి ట్రే వాళ్ళదేనని."

దాసుగారు కత్తిపీట మీంచి చెయ్యి తీసి పెద్దగా నవ్వారు.

"అయితే వాళ్ళకి నామం వచ్చే ఉంది నాయనా," అన్నారు. "నువ్వు కాస్త పక్కకి జరుగు, చాలు."