కడవెడు నీళ్ల తోట

ఎప్పటి మాటో తెలియదు గానీ, ఎర్రనేలల సీమను ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయన కూతురు హేమవల్లి. ఆమెను పెళ్లాడతానని ధూమకర్ణుడనే మాంత్రికుడు వచ్చాడు. కాదనేసరికి లోకంలోని మబ్బులన్నిటినీ ఒక కుండలో పెట్టి మూత బిగించాడు.

"మూడు వేసవులు ఆగు. అప్పటికి మా పెరట్లో ఒక్క తోటైనా పచ్చగా లేకపోతే నిన్నే చేసుకుంటాను. ఉంటే మబ్బుల్ని వదిలెయ్యాలి" అంది హేమవల్లి. మాంత్రికుడు నవ్వి సరేనన్నాడు.

ఆ సంగతి విని, తోట పెంచి హేమవల్లిని పెళ్లాడదామని పొరుగు రాజ్యం నుంచి ముగ్గురు అన్నదమ్ములు, రాకుమారులు, వచ్చారు. రాజు వాళ్లకు తలా కాస్త నేల, రోజుకొక కడవ నీళ్లు ఇచ్చాడు. పెద్దవాడు అరటి వేశాడు, మాడిపోయింది. నడిపివాడు గులాబీలు వేశాడు, ఎండిపోయాయి. చిన్నవాడు సుదత్తుడికి ఏం వేయాలో తోచలేదు. అంతలో దాహంతో ఒక ఉడుము వచ్చింది. అతను కడవలో సగం దానికి పోశాడు.

ఉడుము తాగి చెప్పింది: "పెద్ద ఆకులకు దాహమెక్కువ, రాకుమారా. ఆకు చిన్నదో దళసరిదో అయినవి చూసుకో. రేగు, దానిమ్మ, తంగేడు, కలబంద. లేతప్పుడు రోజూ పొయ్యి. వేరు పట్టాక అప్పుడప్పుడే, లోతుకు దిగేలా పొయ్యి. మొదళ్లకు ఎండుటాకు కప్పు."

సుదత్తుడు అలాగే చేశాడు. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలితే అతను కడవ అందుకోబోయేవాడు.

"చచ్చిపోతున్నాయి, పొయ్యరా" అనేవారు అన్నలు.

అతను ఓర్చుకునేవాడు. పొద్దువాలేసరికి ఆకులు వాటంతటవే లేచేవి.

మూడో వేసవికి దానిమ్మ విరగకాసింది. పందెం ఓడినా మబ్బుల్ని వదలనన్నాడు మాంత్రికుడు. ఆ మర్నాడే ఒక బక్కచిలుక వచ్చి దానిమ్మ మీద వాలింది.

"ఆ చిలుకలోనే మాంత్రికుడి ప్రాణముంది" అంది ఉడుము. "ఏడు సముద్రాల అవతల దీవిలో దాచాడు. వానల్లేక అక్కడా పండు దొరక్క, ఆకలికి ఇంతదూరం వచ్చింది."

సుదత్తుడు అరచేతిలో దానిమ్మ గింజలు పెట్టుకుని నిలబడ్డాడు. చిలుక చేతి మీద వాలింది. మెల్లగా పట్టుకున్నాడు. మాంత్రికుడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"మబ్బుల్ని వదులు" అన్నాడు సుదత్తుడు.

"వదిలితే నా చిలుకను ఇస్తావా?"

"ఇవ్వను. ఇక్కడే ఉంటుంది. పండ్లకు కొదవ లేదు. నువ్వు బుద్ధిగా ఉన్నన్నాళ్లూ దానికి ఏ భయమూ లేదు."

మాంత్రికుడు కుండ మూత తీశాడు.

ఆ నెలలోనే సుదత్తుడికీ హేమవల్లికీ పెళ్లయింది. పందిరి కారుతూనే ఉంది, పెళ్లివారంతా తడుస్తూనే భోంచేశారు. ఆ ఇద్దరూ చాలాకాలం రాజ్యమేలారు. వాళ్లు అక్కడ చల్లగా, మనం ఇక్కడ చల్లగా.