నిండుకున్న బియ్యం

చిదంబరయ్యగారిని ప్రశ్న అడగడం కంటే బావిలో రాయి వేయడం నయం. రాయికైనా బుడుంగుమని ఒక జవాబు వస్తుంది. ఆయన జవాబు చెప్పరు, అడిగినవాణ్ణి తీసుకెళ్ళి ఎక్కడో కూర్చోబెడతారు. మనశ్శాంతి అంటే ఏమిటని అడిగిన ప్లీడరుగారిని ఒకాయన్ని పసిపిల్లల వార్డు వరండాలో కూర్చోబెడితే, ఆయన ఇప్పటికీ లేవలేదనీ గడ్డం మోకాళ్ళు దాటిందనీ చెప్పుకుంటారు. నేను తగ్గించే చెబుతున్నాను.

ధర్మాసుపత్రి ఎదురుగా ఉన్న సత్రం ఆయనదే. రోగులకు తోడుగా వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం అక్కడ అన్నం పెడతారు. దాతలిచ్చిన బియ్యం బజారులో గిడ్డంగిలో ఉంటాయి. వంటింట్లో తగ్గినప్పుడల్లా ఎవరో ఒకరు అంత దూరం వెళ్ళి చెప్పి రావాలి. ఈ తిరుగుడు తప్పించాలని శిష్యుడు వామనమూర్తి ఫోనులో ఒక యాప్ తయారుచేశాడు. వంటింట్లో బటన్ నొక్కితే గిడ్డంగిలో గంట మోగుతుంది, బియ్యం ఆటో ఎక్కుతాయి. అతని చదువంతా పట్నంలో ఇంగ్లీషులో సాగినా, పాపం, బటన్ల మీద మాటలు తెలుగులోనే రాశాడు.

గురువుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొన్నాళ్ళు వంటింట్లో కూర్చుని బటన్లుండే ఆ పైభాగం మళ్ళీ చెయ్యమన్నారు. వామనమూర్తికి మనసు చివుక్కుమంది. లోపలి పనిలో ఆవగింజంత తప్పు వెదికినా దొరకదని వివరించి వివరించి, చివరికి అడిగేశాడు. "లోపల అంతా సరిగ్గా ఉన్నప్పుడు పైన బటన్ ఎలా ఉంటే ఏమిటి గురువుగారూ? అది ఉత్త ముస్తాబే కదా?"

"రేపటినుంచి నీ భోజనం పంక్తిలో," అన్నారాయన. మళ్ళీ చెయ్యమని రెండోసారి అనలేదు. యాప్ ఉన్నది ఉన్నట్టే వంటింటికి చేరింది.

వంటింటికి ఏలిక వరాలమ్మ. ఆమె గరిటె ఎత్తితే ఎదురుగా ఆసుపత్రిలో పెద్ద డాక్టరు లేచి నిలబడతాడు. మర్నాడు పొద్దున్నే బియ్యం డబ్బా తెరిస్తే అడుగున పిడికెడు కనిపించాయి. ఫోను తీసింది. రెండే బటన్లు. పచ్చదాని మీద 'నిండుకున్నాయి', ఎర్రదాని మీద 'ఖాళీ'. ఆమె పచ్చది నొక్కింది. ఫోను టింగుమని, 'అందింది, ధన్యవాదాలు' అంది. ఎంత మర్యాద తెలిసిన వస్తువో అనుకుని ఎసరు పెట్టింది. ఆటో రాలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ధన్యవాదాలు. దారిలో ఉంది కాబోలు అనుకుంటూ ఆ పూట ఆమె నొక్కిన నొక్కులకు అద్దం అరిగి అవతలి గోడ కనిపించిందంటే నమ్మండి. గిడ్డంగిలో గుమాస్తా మాత్రం, సత్రంలో బియ్యం పొంగిపొర్లుతున్నాయి కాబోలని సంబరపడి కునుకు తీశాడు.

మధ్యాహ్నం విస్తళ్ళు వేశారు, నీళ్ళు చల్లారు. పంక్తిలో వామనమూర్తి పక్కన మన్యం నుంచి వచ్చిన ఒక పడుచు ఇల్లాలు కూర్చుంది. పెనిమిటికి ఆ ఉదయమే ఆపరేషన్ అయిందట. ముందురోజు నుంచి ఆమె నోట్లోకి మెతుకు పోలేదు. వార్డు తలుపు మూసేలోగా తిని వెళ్ళాలని, అతను కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తానుండాలని చెప్పింది. పప్పు వచ్చింది, కూర వచ్చింది, పచ్చడి వచ్చింది. అన్నం రాలేదు. ఆసుపత్రి గంట మోగింది. ఆమె విస్తరికి దండం పెట్టి లేచి, ఆకలి తనది కానట్టు, రేపు వస్తాలెండి అయ్యా అని వామనమూర్తితోనే చెప్పి వెళ్ళిపోయింది.

వడ్డించిన విస్తరి ముందు ఆ ఖాళీ చోటు చూడలేక అతను వంటింట్లోకి పరుగెత్తాడు. ఖాళీ అని ఎందుకు నొక్కలేదని వరాలమ్మను నిలదీశాడు. ఆమె అతణ్ణి నఖశిఖపర్యంతం చూసింది.

"ఇంతమందికి అన్నం పెట్టే చోట నిలబడి ఆ పాడుమాట అంటానటయ్యా? నిండుకున్నాయని పొద్దుటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. ఇంట్లో బియ్యం లేనప్పుడు మీ అమ్మ ఏమనేది?"

వామనమూర్తికి అప్పుడు గుర్తొచ్చింది. లేవు అనడం అశుభమని వాళ్ళమ్మ కూడా నిండుకున్నాయనే అనేది. చిన్నప్పుడు విన్నమాటే, అప్పుడు ధ్యాస ఆట మీద. పెద్దయ్యాక, డబ్బా నిండితే అలా అంటారని అతనంతట అతనే అర్థం చెప్పుకున్నాడు.

గిడ్డంగికి పోయి బస్తా తనే భుజానికెత్తుకొచ్చాడు. అన్నం ఉడికాక క్యారేజీ పట్టుకుని, మూసిన వార్డు తలుపు దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డాడు. తలుపు తీశాక ఆమె తిన్నది, ఒక చేత్తో పెనిమిటి చెయ్యి వదలకుండా.

తిరిగి వచ్చి గురువుగారి ఎదుట కూర్చున్నాడు. లోపల తప్పు లేదన్న మాట ఈసారి ఎత్తలేదు. ఆ బటన్ మీద ఏమని రాయమంటారని మాత్రం అడిగాడు.

"నన్నడుగుతావేం నాయనా? వంటిల్లు అటు," అన్నారు చిదంబరయ్యగారు. "చెప్పులు ఇక్కడే విడిచి వెళ్ళు."