విన్నట్టు గుర్తు

తెనాలి దాటాక, వరికోత మిషన్లు బాగుచేసే షెడ్డులో తాయారు గారు వైరింగు పని నేర్పుతారు. ఆవిడని ప్రశ్న అడిగితే జవాబు రాదు, చేతికి పని వస్తుంది. అందుకని శిష్యురాళ్ళు కాస్త ఆచితూచి అడుగుతారు.

ఆ శనివారం ఉదయం సువార్త అడిగింది. "మేడమ్, ఒకే మాట ఎన్నిసార్లు అడిగితే మర్యాద?"

ఆ ఒకే మాట ఏమిటో షెడ్డులో అందరికీ తెలుసు. అక్కడ ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. రోడ్డవతల పెట్రోలు బంకు దాకా వెళ్ళి రావాలి. బంకువాళ్ళు తాళం వేసుకున్న రోజున మంచినీళ్ళు తాగడం మానుకోవాలి. అలా మానుకుని మానుకుని, వెల్డింగు చేసే మస్తాన్‌బీ జ్వరంతో ఆసుపత్రిలో పడింది. వారం వారం మీటింగులో సువార్త ఈ సంగతి ఎత్తుతూనే ఉంది. సూపర్‌వైజరు పానకాలరావు గారు తల పైకెత్తకుండా "తర్వాత?" అంటూనే ఉన్నారు. ముందురోజు సాయంత్రం మాత్రం ఆమెని పక్కకి పిలిచారు.

"పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టుంది నీ వరస. నిన్ను పర్మనెంటు చేసే కాయితం మేనేజరు గారి బల్ల మీదుంది. రేపు మీటింగులో ఆయనా కూర్చుంటారు. చూసుకో మరి."

ఆడదాని చేత ఒకే మాట పదిసార్లు అనిపించి, పదోసారి దానికి నస అని పేరు పెట్టడం మనవాళ్ళకి బాగా అబ్బిన విద్య.

తాయారు గారు బల్ల మీదున్న నల్లపెట్టె చూపించి, "దీన్ని పారేయాలట. ఎందుకో చూడు" అన్నారు.

ఈ కాలపు కోత మిషన్లో ఇలాంటి పెట్టెలు నాలుగైదు ఉంటాయి. ఇంజను సంగతి ఒకటి చూస్తుంది, కోత బ్లేడు సంగతి ఒకటి, ధాన్యం తొట్టి సంగతి ఇంకొకటి. అన్నింటినీ కలిపేవి మెలివేసిన రెండు తీగలు. ఎవరు ఎవరికి ఏం చెప్పాలన్నా ఆ తీగల మీదే చెప్పాలి, చెప్పింది అందరికీ వినబడుతుంది. పానకాలరావు గారు ఈ పెట్టెని ఆగిపోయిన ఒక మిషన్లోంచి విప్పి తెచ్చి, ఒంటరిగా లాప్‌టాప్‌కి తగిలించి చూశారు. తెర నిండా ఒకే వరుస, మళ్ళీ అదే, మళ్ళీ అదే. "దీనికి మతి పోయింది. కొత్తది తెప్పించండి" అని తేల్చేశారు.

సువార్త తగిలించి చూసింది. ఆయన చూసింది నిజమే.

"ఏమంటోంది?" అన్నారు తాయారు గారు.

"కొత్తగా ఏం లేదు మేడమ్. 'నేనున్నాను, నా నెంబరు ఇది' అంటోంది. కరెంటు రాగానే ప్రతి పెట్టె ముందుగా అనే మాటే."

"ఒకసారి అంటే చాలదూ?"

"విన్నట్టు గుర్తు పడితే చాలు" అని సువార్త ఆగిపోయింది.

ఆ తీగల మీద ఒక నియమం ఉంది. ప్రతి మాట చివరా చిన్న ఖాళీ వదులుతారు. విన్నవాళ్ళలో ఎవరో ఒకరు ఆ ఖాళీలో విన్నట్టు గుర్తు పెట్టాలి. ఆ గుర్తుకి ఒప్పుకున్నామనీ, చేసిపెడతామనీ అర్థం లేదు. విన్నామని, అంతే. అది పడకపోతే చెప్పిన పెట్టె అదే మాట మళ్ళీ చెప్పాలి.

"లాప్‌టాప్ వింటోందిగా? అంతా రాసుకుంటోంది కూడాను" అన్నారు తాయారు గారు.

సువార్త లాప్‌టాప్ సెట్టింగు తెరిచింది. ఊరికే వినే పద్ధతిలో పెట్టి ఉంది. నడుస్తున్న మిషన్‌కి తగిలించేటప్పుడు మధ్యలో అడ్డు రాకూడదని అలా పెడతారు. అక్కడ గుర్తు పెట్టడానికి మిగతా పెట్టెలుంటాయి. ఈ బల్ల మీద వినే దిక్కు లాప్‌టాప్ ఒక్కటే. అది ప్రతి అక్షరం వింటోంది, నోరు మాత్రం మెదపడం లేదు. ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని కాఫీ తాగే మొగుణ్ణి ఎరిగినవాళ్ళకి ఈ పద్ధతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆమె సెట్టింగు మార్చింది. వరుస ఆగింది. పెట్టె తన నెంబరు ఒక్కసారి చెప్పి, తర్వాతి మాటకి వెళ్ళింది. దాని బుర్ర శుభ్రంగా ఉంది. మిషన్‌ని ఆపింది ఎలుక కొరికిన తీగ అని మధ్యాహ్నానికి తేలింది.

తీగ అతుకుతూ సువార్త ఇంకో సందేహం తీసింది. "తప్పులు మితిమీరితే పెట్టె లైన్లోంచి తనంతట తనే తప్పుకోవాలన్నారుగా మేడమ్. ఇది అంతసేపు మొత్తుకుంది, తప్పుకోలేదేం?"

"మిగతా తప్పులకి తప్పుకోవాల్సిందే. ఎవరూ విన్నామనకపోతే మాత్రం కాస్త హోదా తగ్గిస్తారు, నోరు మూయించరు. ఆ నియమం రాసిందెవరో గానీ, లోకం తెలిసినవాళ్ళు."

సాయంత్రం మీటింగులో పానకాలరావు గారి పక్కనే మేనేజరు కూర్చున్నాడు. సువార్త లేచి బాత్రూమ్ మాట ఎత్తింది. మస్తాన్‌బీ జబ్బు సంగతీ చెప్పింది.

"తర్వాత?" అన్నారు పానకాలరావు గారు.

ఆమె కూర్చోలేదు. "కట్టించమని ఇప్పుడు అడగడం లేదు సార్. విన్నారో లేదో చెప్పండి."

"నాకేం చెవుడా?"

"చెవుడని ఎవరన్నారు సార్? విన్నానంటే కూర్చుంటాను."

వెనక వరసలో ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "విన్నాలేమ్మా, విన్నా" అన్నారాయన.

మేనేజరు ఫోను పక్కన పెట్టాడు. "ఏం విన్నారండీ?"

పానకాలరావు గారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. "అదే సార్. మనకి ఆడవాళ్ళ బాత్రూమ్ లేదని. మస్తాన్‌బీ అందుకే ఆసుపత్రిలో ఉందని." ఆ మాటలు ఆయన నోట రావడం అదే మొదలు. పర్మనెంటు కాయితం ఊసు ఎవరూ ఎత్తలేదు.

సువార్త తిరిగి వచ్చేసరికి తాయారు గారు పనిముట్లు సర్దుతున్నారు.

"విన్నానని అనిపించాను మేడమ్. కట్టిస్తామని మాత్రం అనలేదు."

"అది తర్వాతి మాట" అన్నారు తాయారు గారు.