కాళికమ్మ పట్టిన చిన్న సుత్తి

అనగనగా ఒక ఊళ్ళో, నాగావళి ఒడ్డున, కాళికమ్మ అని ఒక కంసాలి ముసలమ్మ ఉండేది. ఊఁ కొట్టాలమ్మా, లేకపోతే కథ ఆగిపోతుంది. ఆవిడ మొగుడు ఆచారి పోయి ఏడాదయింది. పిల్లాజెల్లా లేరు. ఆయన పోయాక ఆ గడప తొక్కేవాళ్ళే కరువయ్యారు. ఏం చేస్తుంది పాపం, పిల్లితో మాట్లాడేది. ఆ పిల్లి కూడా వినేది కాదు.

ఒకరోజు పొద్దున్నే పక్కవీధి సన్యాసమ్మ చంకలో బిడ్డతో వచ్చింది.

“పిన్నమ్మా, మా పిల్ల బారసాల ఈయాలే. కడియం శీల ఊడిపోనాది. బస్తీకెళ్ళే యాళ లేదు. నువ్వేమైనా సెయ్యగలవా?”

శీలంటే ఏమిటనుకున్నావు? కడియం రెండు ముక్కల్నీ కలిపే సన్నని వెండి మేకు. కాళికమ్మ ఎప్పుడూ సుత్తి పట్టలేదు. వాళ్ళింట్లో ఆడవాళ్ళు కుంపటి ముందు కూర్చోకూడదట, అదొక చాదస్తం! నలభై ఏళ్ళు ఆచారికి వెనకనుంచి మంచినీళ్ళు అందించింది. ఆవిడకి ఆయన వీపు తెలుసు గానీ, చేతులు ఎలా ఆడేవో తెలీదు. కాదంటే ఈ ఒక్క మనిషీ మళ్ళీ రాదేమోనని భయపడి, సరేనంది.

ఆచారి పనిముట్ల పెట్టెలో మూడు సుత్తులు, మూడు శీలలు ఉన్నాయి. ముందు పెద్ద సుత్తి తీసింది. ఒక్క దెబ్బకే శీల వంకరపోయింది. ఆ తర్వాత నడిమిది తీసింది. శీల తల చిట్లింది. ఇంక ఒక్క శీలే మిగిలింది. కాళికమ్మకి ఏడుపొచ్చింది. మూడో సుత్తి చూస్తే చింతగింజంత ఉంది. దీంతో ఏమవుతుందిలే అనుకుంది.

అప్పుడు సుత్తుల కర్రలు చూసింది. రెండింటివీ గరుకుగానే ఉన్నాయి. చిన్నదాని కర్ర మాత్రం నున్నగా అరిగి, బొటనవేలు ఆనేచోట గుంట పడింది. ఓహో, సన్నపనంతా దీంతోనే చేసేవాడన్నమాట! ఆ గుంటలో తన వేలు పెట్టింది. ఆయన చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది, వదలబుద్ధి కాలేదు. బలం పెట్టకుండా, సుత్తి బరువు మీదే టిక్కు టిక్కుమని కొట్టింది. శీల బుద్ధిగా కూర్చుంది.

“ఎంతిమ్మంటావు పిన్నమ్మా?” అంది సన్యాసమ్మ.

“ఏమీ వద్దు. కాసేపు కూర్చుని వెళ్ళవే తల్లీ,” అంది కాళికమ్మ.

వేళ మించిపోతున్నా సన్యాసమ్మ కూర్చుంది, గ్లాసుడు మజ్జిగ తాగేంతసేపు. ఆ తర్వాత వెళ్ళిపోయింది. ఇల్లు మళ్ళీ బోసిపోయింది. కాళికమ్మ పెరట్లో కూర్చుని గ్లాసులు రెండూ మెల్లగా, ఒకటికి రెండుసార్లు కడిగింది. రెండు గ్లాసులు కడిగి ఏడాదయింది మరి.

కథ కంచికి, సుత్తి సంచికి, కునుకు నీ కంటికి!