అప్పగింతల పాటలో చిటుకు

"ఇద్దరిలో ఎవరిదీ తప్పు కానప్పుడు, మాస్టారూ, ఎవరు తగ్గాలండీ?"

హైమవతి ఈ మాట అడిగేసరికి వరదాచారి మాస్టారు ఉదయం పాఠం ముగించి, వయొలిన్‌ను మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. విజయనగరంలో ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఆయన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పరు. ఇరవై ఆరేళ్ళు రేడియోలో రికార్డింగు గదిలో పనిచేసిన మనిషి. చెప్పడం కంటే వినడం మీదే ఆయనకు గురి. ఎవరి సంగతి అని కూడా అడగలేదు. "రికార్డింగు ఎంతవరకు వచ్చింది?" అన్నారు.

"ఎక్కడిదండీ! చిటపటలు. నిన్నంతా అదే గొడవ."

ఆ రికార్డింగు మామూలుది కాదు. హైమవతీ, ఆమెకంటే ఆరేళ్ళు పెద్దదైన వసుంధరా పద్నాలుగేళ్ళుగా జంటగా పాడుతున్నారు. వసుంధర అమ్మమ్మ నేర్పిన పెళ్ళిపాటలూ మేలుకొలుపులూ పందొమ్మిది ఈ ఇద్దరి నోటా తప్ప ఇంకెక్కడా లేవు. వసుంధరకు థైరాయిడ్ గడ్డ తేలింది. శుక్రవారం ఆపరేషన్. స్వరానికి సంబంధించిన నరం పక్కనే ఉందనీ, గొంతు ఇలాగే ఉంటుందని మాట ఇవ్వలేననీ డాక్టరు చెప్పేశాడు. ఆయన ఆ మాట చెప్పిన రోజుకే ఇద్దరి మధ్యా మాటలు లేవు.

మాటలు పోయింది బొబ్బిలిలో, నిండు సభలో. అప్పగింతల పాట పాడుతున్నారు. ప్రతి చరణం చివరా వసుంధర ఒక స్వరాన్ని పట్టుకుని, కూతురి చెయ్యి వదల్లేని తల్లిలా నిలబడిపోతుంది. ఆ నిలబడటం రోజుకొక కొలత. హైమవతికి తాళం తాళమే. ఆ సాయంత్రం ఆమె ఆగలేదు, తాళం ప్రకారం తర్వాతి చరణం ఎత్తుకుంది. వసుంధర స్వరం సగంలో తెగిపోయింది. ఎవరో ముందు వరసలో నవ్వారు కూడా.

అయినా పాటలు నిలవాలి కదా అని సోమవారం వసుంధర తన మైకూ, తన సౌండ్ కార్డూ సంచిలో పెట్టుకుని హైమవతి ఇంటికి వచ్చింది. గొంతుల్ని కంప్యూటరులోకి పంపే పెట్టె అది. హైమవతి దగ్గర కొత్తదొకటి ఉంది గానీ దానికి రెండు మైకులే పడతాయి. ఒకటి ఆమె గొంతుకు, ఒకటి ఆమె వాయించే వీణకు. అందుకని వసుంధర పాత కార్డును కూడా అదే కంప్యూటరుకు తగిలించారు. పాట మొదలైంది. నూనెలో ఆవగింజ పడ్డట్టు చిటుక్కుమంది. మళ్ళీ కాసేపటికి చిటుక్కు.

"నీ కార్డు పాతదైపోయిందక్కా. దాంతోనే ఈ తంటా," అంది హైమవతి.

"పాతవాటితో నీకెప్పుడూ తంటాయే," అని వసుంధర లేచి వెళ్ళిపోయింది. కార్డు అక్కడే వదిలేసింది.

ఇదంతా విని మాస్టారు వయొలిన్ పెట్టె మూత వేశారు. "రేపు పదింటికి మీ ఇంటికి వస్తాను. వసుంధరని కూడా రమ్మని నేను చెబుతాలే," అన్నారు. అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది.

బుధవారం ఇద్దరూ వచ్చారు. వసుంధర హైమవతి వైపు చూడకుండా కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. మెడ చుట్టూ పైట కప్పుకుంది. ఆ కప్పుకోవడం చూసి హైమవతి చూపు తిప్పేసుకుంది. కంప్యూటరు ముందు కూర్చుని, తను అప్పటికే చేసినవన్నీ మాస్టారికి గబగబా అప్పజెప్పింది. కేబుళ్ళు మార్చింది. వైఫై ఆపేసింది. ధ్వనిని పోగుచేసుకోవడానికి కంప్యూటరుకు ఇచ్చే వ్యవధి పెంచి చూసింది. కార్డుల్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేసింది. ఏం చేసినా పోలేదు.

"పాత కార్డు తీసెయ్యి," అన్నారు మాస్టారు.

హైమవతి తీసేసింది. తను ఒక్కతే పాడింది. కడిగిన గాజులా స్వచ్ఛంగా ఉంది ధ్వని. ఆమె వసుంధర వైపు చూడలేదు గానీ, చూసినంత పనీ చేసింది.

"ఇప్పుడు నీది తీసి, అక్కది ఒక్కటే పెట్టు."

వసుంధర కూర్చున్న చోటి నుంచే పాడింది. హైమవతి హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుని చిటుకు కోసం కాచుకుంది. ఒక చరణం. రెండు. మూడు. రాలేదు. పాత పెట్టెలోంచి ఆ గొంతు పక్కన కూర్చుని పాడుతున్నట్టు వచ్చింది. సోమవారం నుంచీ తను తిట్టుకుంటున్న వస్తువులో ఏ లోపమూ లేదు.

"రెండూ కలిపి పెట్టు. పాడుతూనే ఉండండి, ఆపకండి."

ఇద్దరూ పాడారు. మాస్టారు కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. చిటుక్కు. ఆయన వేలు మడిచారు. మళ్ళీ చిటుక్కు. ఇంకో వేలు. అయిదో వేలు మడిచాక కళ్ళు తెరిచి, "సరిగ్గా పదకొండు ఆవర్తనాలకి ఒకటి," అన్నారు. "పాడైపోయిన వస్తువు ఇంత లెక్కగా పాడవదమ్మా. ఈ రెండింటిలోనూ ధ్వనిని కొలిచే గడియారం చెరొకటి ఉంది. రెండూ మంచివే. ఒకటి రవ్వంత ముందు నడుస్తోంది. ఆ తేడా పోగై పోగై, పట్టలేనప్పుడు అలా చిట్లుతోంది."

"మరి ఏది సరైన సమయం మాస్టారూ?" అని అడిగింది వసుంధర. వచ్చాక ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"రెండూ సరైనవే. అదే వచ్చిన చిక్కు."

ఆయన చొక్కా జేబులోంచి సన్నటి డిజిటల్ కేబుల్ ఒకటి తీసి, పాత కార్డు వెనక ఒక కొస, కొత్తదాని వెనక ఇంకో కొస గుచ్చారు. హైమవతి చేత కొత్త కార్డు సెట్టింగులు తెరిపించారు. అందులో, సొంత గడియారం బదులు బయటి నుంచి వచ్చే గడియారాన్ని అనుసరించమనే వీలు ఒకటి ఉంది. దాన్ని నొక్కమన్నారు.

హైమవతి వేలు మౌస్ మీద ఆగింది. "కొత్తది కదండీ ఇది, ఖరీదైనది. పాతదాన్నే దీని వెంట నడవమనొచ్చుగా?"

"పాతదానికి ఆ సదుపాయం లేదమ్మా. తన సమయం ఇవ్వడమే తెలుసు దానికి. ఇంకొకరి సమయం పట్టుకుని నడవడం దీనికొచ్చు."

హైమవతి నొక్కింది. ఇద్దరూ పాడారు. పదకొండు ఆవర్తనాలు గడిచాయి. ఇరవై రెండు గడిచాయి. చిటుకు రాలేదు.

ఇక ఆలస్యం చెయ్యలేదు. మధ్యాహ్నం మజ్జిగన్నం తిన్న అరగంట తప్ప, ఆ పగలూ మర్నాటి పగలూ మాస్టారి ముందు పాడుతూనే ఉన్నారు. మాటలు మాత్రం "శ్రుతి చూడు", "నీళ్ళు కావాలా" దాటి ముందుకు పోలేదు. పద్దెనిమిది పాటలయ్యాయి. గురువారం నాలుగింటికి మిగిలింది అప్పగింతల పాట.

మొదటి చరణం చివరికి వచ్చేసరికి హైమవతి నిశ్చయించుకుంది. అక్క ఎంతసేపు నిలబడితే అంతసేపూ తాళం వదిలేసి ఆగుతాను, రేపటి తర్వాత ఈ స్వరం ఉంటుందో ఉండదో. వీణ తీగ మీద వేలు అలాగే ఉంచి ఆగింది. కిటికీ పక్కన వసుంధర కూడా ఏదో నిశ్చయించుకునే వచ్చినట్టుంది. స్వరాన్ని అందుకుని, నిలబడకుండా, తాళానికి సరిగ్గా వదిలేసి, హైమవతి ఎత్తుకోవాల్సిన చరణం కోసం చూసింది.

ఎవరూ ఎత్తుకోలేదు. పాట మధ్యలో గదంతా నిశ్శబ్దమైపోయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బొబ్బిలి తర్వాత అలా చూసుకోవడం అదే మొదలు. వసుంధరకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఎత్తుకోవే," అంది. "నువ్వే ఎత్తుకో అక్కా," అంది హైమవతి. చివరకు ఇద్దరూ ఒక్కసారే ఎత్తుకున్నారు. ఆ చరణం అంతకు ముందెప్పుడూ అలా రాలేదు.

పాట పూర్తయ్యాక వసుంధర సంచి సర్దుకుంటూ, "రేపు ఆసుపత్రికి ఎన్నింటికి వస్తావు?" అని అడిగింది. "నీకంటే ముందే ఉంటాను," అంది హైమవతి.

తర్వాత ఆమె కంప్యూటరు దగ్గరికి వెళ్ళి పాటను మొదటి నుంచీ విన్నది. నిశ్శబ్దం వచ్చిన చోట ఆపి, అక్కడి మాటలతో సహా ఆ ముక్కను గుర్తుపెట్టి, మాస్టారి వైపు తిరిగింది.

"ఇది కోసేసి రెండు కొసలూ అతికించెయ్యనా మాస్టారూ? తెలియకుండా కలుస్తుంది."

మాస్టారు చెప్పులు వేసుకుంటున్నారు.

"ఉండనివ్వమ్మా," అన్నారు. "పాటంతటిలో మీ ఇద్దరూ తగ్గిన చోటు అదొక్కటే."