రాజుగారి చేతికి కట్టిన ఉయ్యాల

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా తాతలున్న కాలంలో, చెట్టూ చేమా లేని ఒక రాళ్లగుట్ట. ఆ గుట్ట మీద రణసింగరాజు కంచు విగ్రహం. ఆయన బతికుండగా పేరు వింటేనే శత్రువుల గుండెలు జారిపోయేవట. పోయి ఎన్నేళ్లయినా మీసం మాత్రం దిగలేదు. కుడిచేత కత్తి ఎత్తి పట్టుకుని, ఎవరొస్తారో రండి అన్నట్టు నిలబడ్డాడు.

విగ్రహం నిలబెట్టారు గానీ కింద అరుగు పని ఇంకా మిగిలే ఉంది. దానికి రాళ్లు మోసే కూలీల్లో సుంకమ్మ ఒకతె. మొగుడు లేడు. ఉన్నదల్లా ఏడాది నిండని కూతురు. ఆ పిల్లకు జ్వరం. మూడు పగళ్లు ఏడ్చింది, మూడు రాత్రులు ఏడ్చింది. నిద్రపడితే గానీ బిడ్డ దక్కదన్నాడు వైద్యుడు. పని మానితే గంజి లేదు. పిల్లను పడుకోబెడదామంటే గుట్టంతా పెనంలా కాలుతోంది. ఎటు చూసినా ఒకటే నీడ, రాజుగారిది.

సుంకమ్మ నిచ్చెన ఎక్కింది. కత్తి పట్టిన చేతికి తాడు వేసింది. తాడుకు చీర కట్టింది. పిల్లను చీరలో వేసి ఊపింది. తల్లి ప్రాణం కుదుటపడేట్టు పిల్ల నిద్రపోయింది.

ఆ పూటే రాజుగారి మునిమనవడు, అప్పటి రాజు, విగ్రహానికి తొలిపూజ చేయడానికి వస్తున్నాడు. మేస్త్రీ ఉయ్యాల చూసి గుండె బాదుకున్నాడు.

"ఎంత పనిచేస్తివే! దించు!"

"ఇప్పుడే నిద్రపట్టింది సామీ. లేసినాక దించుతా."

మేస్త్రీ పిల్ల మొహం చూశాడు. తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

సైన్యానికి పెద్ద అయిన దళవాయి గుర్రమెక్కి వచ్చాడు.

"కొరడా తెమ్మంటావా? దించు!"

"ఇప్పుడే నిద్రపట్టింది సామీ. లేసినాక దించుతా."

దళవాయికీ ఇంట్లో పసిపిల్లలున్నారు. గుర్రం దిగి, అది సకిలించకుండా మూతి పట్టుకుని నిలబడ్డాడు, పాపం.

చివరికి రాజే వచ్చాడు. ముందు డప్పులు, వెనక కొమ్ముబూరలు. సుంకమ్మ పరుగున వెళ్లి డప్పులకు అడ్డం నిలబడి దణ్ణం పెట్టింది. డప్పులు ఆగాయి.

"మా ముత్తాత చెయ్యి నీకు దూలంలా కనబడిందా? దించు!" అన్నాడు రాజు.

సుంకమ్మ మళ్లీ దణ్ణం పెట్టింది. మాట మాత్రం మార్చలేదు.

"ఇప్పుడే నిద్రపట్టింది సామీ. లేసినాక దించుతా. పెద్దాయన చెయ్యి ఎత్తే ఉండాది కదా. ఇప్పుడు యుద్ధాలు కూడా లేకపాయె."

రాజుకు కోపం రావాలి. నవ్వొచ్చింది. పిల్ల లేస్తుందని నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని నవ్వాడు. అంతలో ఉయ్యాల ఆగింది. పిల్ల కదిలింది.

"ఊపండి సామీ, ఊపండి! నాకింకా రాళ్లుండాయి," అంటూ సుంకమ్మ గంప ఎత్తుకుంది.

రాజు ఊపాడు. ఏం చేస్తాడు మరి! పొద్దు వాలేదాకా ఊపాడు. పిల్ల లేచేసరికి నుదురు చల్లగా ఉంది. సుంకమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని అప్పుడు ఏడ్చింది. ఆ తర్వాతే డప్పు మోగింది, పూజ జరిగింది.

సుంకమ్మ చాలాకాలం బతికింది. ముసలిదై పోయింది. ఆమె పోయిననాడు కూతురు తల్లి చీర తెచ్చి ఆ కంచు చేతికి కట్టింది. తన మనవరాలిని అందులో వేసి, ఏడుస్తూనే ఊపింది. ఊరంతా వచ్చి తలా ఒక ఊపు ఊపారు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల బిడ్డ పుడితే తొలి ఉయ్యాల ఆ చేతికే. ఏటా విగ్రహానికి పూజ చేసే రాజు పండగనాడు ఎంత గొప్పవాడొచ్చినా సరే, ఉయ్యాల్లో పిల్ల లేచేదాకా డప్పు మోగదు. రణసింగరాజు ఏ యుద్ధాలు గెలిచాడని అక్కడివాళ్లను అడిగితే తెల్లమొహం వేస్తారు. ఆ విగ్రహం ఎవరిదని అడిగితే, సుంకమ్మది అంటారు.