నదిని ఎవరికి అప్పజెప్పాలి

అడవికీ సముద్రానికీ మధ్య ఒక బుల్లి సుల్తాను రాజ్యం ఉండేది. అదీ రెండు ముక్కలు. నడుమ నేల పొరుగురాజుది. జనంలో సగం మంది నదిలో గుంజలు పాతి, వాటి మీద ఇళ్లు కట్టుకున్నారు.

కోట మేడ మీంచి ఆ ఇళ్లు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని, అందరూ ఖాళీ చేసి నేల మీదికి మారాలని వజీరు హుకుం జారీ చేశాడు.

చేపలమ్ముకునే మస్నా దర్బారుకొచ్చింది. “ఖాళీ చేస్తాం ప్రభూ. మరి నదిని ఎవరికి అప్పజెప్పి పొమ్మంటారు?” అని సుల్తానునే అడిగింది.

“నదిని అప్పజెప్పడమేమిటి? అక్కడ ఎవరూ ఉండక్కర్లేదు” అన్నాడు వజీరు విసుగ్గా.

“మా తాతల కాలంలో నడుమ నేలలోనూ ఎవరూ ఉండేవారు కాదట, దొరా. అందుకే పొరుగురాజు వచ్చి ఉన్నాడు” అంది మస్నా.

సుల్తాను కాసేపు కిటికీలోంచి నది వైపు చూశాడు. హుకుం రద్దయింది. ఆ వారమే సుల్తాను మనుషులు పొరుగు రాజ్యపు సరిహద్దు పక్కన, నదిలో కొత్త గుంజలు పాతారు. వాటి మీద లేచిన ఇల్లు వజీరుగారిది.